తొమ్మిది ఖాళీ గడులు

మా ఇల్లు, భోజనాల బల్ల
మే 21

నానమ్మా,

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానా అని కళ్ళజోడు సర్దుకుంటున్నావు కదూ? మా ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది, నాన్న ఎప్పుడూ దాని పక్కనే ఉంటాడు. అందుకు.

ఒక స్వతంత్ర ప్రాజెక్టు కార్యక్రమం ఉంది. హైస్కూలు పై తరగతుల పిల్లలకి. ప్రశ్న మనదే, పనీ మనదే. ఏడాదిపాటు ప్రతి శనివారం వాళ్ళ ప్రయోగశాల వాడుకోనిస్తారు, దారి చూపడానికి ఒక ఇంజనీరునో శాస్త్రవేత్తనో ఇస్తారు. పధ్నాలుగు సీట్లు. కిందటేడు నాలుగు వందల మంది దరఖాస్తు పెట్టారట. అరవై రోజుల పరిశీలన ముందే చేసి చూపించాలి. ప్రతి పేజీనీ బడి రికార్డులో ఉన్న సంరక్షకుడు చదివి కింద సంతకం పెట్టాలి. అంటే నాన్నే.

నా ప్రశ్న ఇది: గోడలో పగులు రోజంతా ఒకే వెడల్పుగా ఉంటుందా, లేక ఊపిరి పీల్చినట్టు విచ్చుకుని ముడుచుకుంటుందా? మా బడి సైకిలు షెడ్డు వెనక గోడకి మంచి పగులుంది. కానీ అక్కడ ఎప్పుడూ నీడే. ఎండ తగిలే గోడ కూడా ఒకటి కావాలి. నీ గదిలో కిటికీ మూల నుంచి కిందికి పాకిన పగులు గుర్తొచ్చింది. పడమటి గోడ, పైన డాబా. ప్లీజ్ నానమ్మా.

నాన్న ఏమన్నాడో తెలుసా? "పగులు పూడ్చేవాడికి కావాలి కొలత, చూసేదానికి ఎందుకు?" అన్నాడు. "శనివారం ట్యూషన్ మానేసి గోడలకి నాడి చూస్తావా?" అని కూడా అన్నాడు. అమ్మ నా వైపే ఉంది, కానీ నాన్న ముందు నోరు విప్పదు. చివరికి, "నువ్వే అన్నీ సరిగ్గా చేసుకొస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు. అది ఒప్పుకున్నట్టేనా? ప్లీజ్ ప్లీజ్.

నీ మిడత

*

రెండో అంతస్తు గది
మే 26

మిడతా,

ఒక ఉత్తరంలో మూడు 'ప్లీజ్'లు. నాకు ఒకటి చాలు, మిగతా రెండూ ఆ పధ్నాలుగు సీట్ల వాళ్ళకి దాచుకో.

అటక మీది పెట్టెలోంచి, మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలిచే నా వెర్నియర్ కాలిపర్సు తీశాను. బడిలో సైన్సు చెప్పడం మానేసి పన్నెండేళ్ళయినా నూనె రాస్తూనే ఉన్నాను. కొన్నాళ్ళకి మనుషులు బిగుసుకుపోతారు గానీ ఇత్తడి బిగుసుకోనక్కర్లేదు. కింద దుకాణంలోని పుస్తకాల బైండింగాయన డ్రిల్లు తెచ్చి పగులుకి అటొకటి ఇటొకటి ఇత్తడి స్క్రూలు దిగ్గొట్టాడు. "ఎందుకమ్మా ఇవి?" అన్నాడు. గోడ ఊపిరి పీలుస్తోందో లేదో చూడ్డానికన్నాను. ఆ మాట విన్నప్పటి నుంచి నా మంచినీళ్ళ గ్లాసు వాళ్ళావిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది, ఏదైనా కలిసిందేమోనని.

పొద్దున ఆరింటికి, సాయంత్రం ఐదింటికి రెండు స్క్రూల మధ్య దూరం కొలుస్తాను. వారం వారం కాగితం పోస్టులో వస్తుంది. ఫోనులో చెప్పను. ఫోనులో చెప్పిన అంకె గాలిలో పుట్టి గాలిలో పోతుంది.

నియమాలు రెండే, గోడకి అంటించుకో. చూసింది రాయి. చూడకపోతే గడి ఖాళీగా వదిలి, పక్కన కారణం రాయి. అంతకు మించి శాస్త్రం లేదు, మిగతాదంతా ముస్తాబు.

మీ నాన్న పుల్లవిరుపు మాటలు మనసుకి తీసుకోకు. తొమ్మిదో తరగతిలో ఆయనగారు నా క్లాసులోనే ఉన్నారు. లోలకం ప్రయోగంలో ఐదు పొడవులకి కొలవమంటే రెంటికి కొలిచి, మిగతా మూడూ మంచం మీద పడుకుని రాసుకొచ్చాడు. అంకెలు బారులు తీరిన సిపాయిల్లా ఉన్నాయి. నిజం కొలతలు అలా నిలబడవు. ఒకటి ఆవలిస్తుంది, ఒకటి పక్కవాడిని తోస్తుంది. కన్నకొడుకని చూడకుండా సున్నా వేశాను. ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున మాట్లాడాడు, ఆకలేసి.

"అప్పుడు చూద్దాం" అంటే మీ నాన్న భాషలో సగం ఒప్పుకున్నట్టు. మిగతా సగం నీ అంకెలు ఒప్పించాలి.

నానమ్మ

*

బడి, సైకిలు షెడ్డు
జూన్ 22

నానమ్మా,

షెడ్డు వెనక ఇటుకల మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వు పంపిన మూడు వారాల కాగితాలూ అందాయి. పొద్దున 40.3 మిల్లీమీటర్లు, సాయంత్రం 40.0! మళ్ళీ పొద్దున 40.3! నీ గోడ నిజంగానే ఊపిరి పీలుస్తోంది నానమ్మా! రాత్రి చల్లబడి ఇటుకలు కుంచించుకుంటే పగులు విచ్చుకుంటుంది, ఎండకి ఇటుకలు ఉబ్బితే ముడుచుకుంటుంది. నా నీడగోడలో మాత్రం చలనం లేదు. ఇరవై రోజుల్లో అటూ ఇటూ ఒక్క గీత కదిలిందంతే. నీ గోడ లేకపోతే నా ప్రాజెక్టు నిద్రపోయేది.

మా వాచ్‌మన్ తాతకి నా మీద అనుమానం. షెడ్డు కూలగొట్టడానికి ఎవరో నన్ను కొలతలకి పంపారని హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాడు. ఇప్పుడు నేను కొలుస్తున్నంతసేపూ నా వెనకే నించుని, "ఎంతొచ్చింది? ఎంతొచ్చింది?" అంటాడు. నిన్న తప్పు చదివితే ఆయనే దిద్దాడు.

నాన్న నిన్న గ్రాఫు చూశాడు. "హూఁ" అన్నాడు. ఒక్క 'హూఁ'కి నీ లెక్కలో ఎన్ని మార్కులు?

నువ్వు రోజూ ఆ మెట్లన్నీ జాగ్రత్తగా ఎక్కి దిగుతున్నావా? "ఆ మెట్లు మంచివి కావు, అమ్మని ఇక్కడికి తెచ్చేద్దాం" అని నాన్న వారానికోసారి అంటున్నాడు. నీకు ఆ గది అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు.

మిడత

*

రెండో అంతస్తు గది
జూలై 19

మిడతా,

రెండు వారాల కాగితాలు కలిపి పంపుతున్నాను. ఆలస్యానికి కారణం బద్ధకం. ఈ వయసులో అదొక్కటే నాకు మిగిలిన విలాసం.

అక్షరాలు వంకరగా ఉన్నాయని బెంగపడకు, ఒళ్ళో దిండు పెట్టుకుని రాస్తున్నాను. బల్ల మీద బైండింగావిడ మందుసీసాలు... కాదు, జిగురు సీసాలు పెట్టింది. ఇక్కడంతా మామూలే. అందరూ మామూలే. గోడ కూడా మామూలే.

నీ కొలతలన్నీ ఎక్కించుకోవడానికి బైండింగాయన ఒక రికార్డు పుస్తకం కుట్టి గట్టి అట్ట వేస్తున్నాడు. దరఖాస్తుతో పాటు అదీ పెట్టుకోవచ్చు. ఒక్క 'హూఁ'కి పదికి ఆరు.

నానమ్మ

*

మా ఇల్లు, నా మంచం
ఆగస్టు 3

నానమ్మా,

పుస్తకం వచ్చింది. ఎంత బావుందో. నీలం అట్ట, వీపున నా పేరు బంగారు అక్షరాల్లో. నాన్న వేలు పెట్టి అక్షరాలు తడిమి చూశాడు.

అందులో బైండింగు మామయ్య రాసిన చీటీ కూడా ఉంది. నీకు చూపించలేదేమో, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అమ్మాయీ, ఆలస్యానికి ఏమీ అనుకోకు. జూలై తొమ్మిది నుంచి ఆరు రోజులు ముసురు వదల్లేదు. సూర్యుడి మొహం చూడలేదు. అట్టకి పెట్టిన జిగురు ఆరలేదు."

నానమ్మా, కోప్పడకుండా విను. జూలై తొమ్మిది నుంచి ఆరు రోజులూ నీ కాగితంలో పొద్దున 40.3, సాయంత్రం 40.0 ఉంది. ఎండ కాసిన రోజుల్లో ఎలా ఉందో అచ్చం అలాగే. ఒకటి రెండు చోట్ల 40.2 ఉంది, బాగోదని వేసినట్టు. ఎండ లేకుండా నీ గోడ ఎలా ముడుచుకుంది? జూన్లో ఒకరోజు మబ్బు పట్టినప్పుడు అది అసలు కదల్లేదని నువ్వే రాశావు.

మూడు రోజుల నుంచి ఎవరికీ చెప్పలేదు. నేనే తప్పు చూస్తున్నానని రెండుసార్లు గ్రాఫు మళ్ళీ గీశాను. పన్నెండో తారీఖులోగా దరఖాస్తు వెళ్ళాలి. కానీ అడగాలనుకున్నది అది కాదు.

నీ ఒంట్లో బావుందా?

మిడత

*

రెండో అంతస్తు గది
ఆగస్టు 5

మిడతా,

నీ ఉత్తరం చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివాను. తుడిచినంత మాత్రాన అంకెలు మారలేదు.

జూలై ఎనిమిదిన మెట్లు దిగుతూ చివరి నుంచి మూడో మెట్టు మీద జారాను. చీలమండ బెణికింది. విరగలేదు, డాక్టరు ఎక్స్‌రే తీసి చూశాడు. కట్టు కట్టి, తొమ్మిది రోజులు మెట్లెక్కొద్దన్నాడు. బైండింగావిడ తమ గదిలోనే మంచం వేసి పడుకోబెట్టింది. నేను కింద, గోడ పైన.

బైండింగాయన కొలుస్తానన్నాడు. నేనే వద్దన్నాను. వెర్నియర్ చదవడం రానివాళ్ళు కొలిస్తే అంకెలు పాడవుతాయని. చూశావా, అంకెలు పాడవకూడదని ఎంత జాగ్రత్తపడ్డానో.

ఖాళీగా వదిలితే కారణం రాయాలి. కారణం రాస్తే నువ్వు చదువుతావు, నీ వెనక మీ నాన్న చదువుతాడు. ఆ మర్నాడే ఆయన కారేసుకుని వచ్చి, నా పెట్టె సర్ది, నన్ను మీ ముందుగదిలో టీవీ ఎదుట కూర్చోబెడతాడు. ఈ గది నాకు నేను సంపాదించుకున్నది. పొద్దున కిటికీ తీస్తే కింద బైండింగు ప్రెస్సు చప్పుడు, ఎదుటి మేడ మీద బట్టలు, నా పుస్తకాలు, నా ఇష్టం. అందుకని తొమ్మిది రోజుల అంకెలూ ఒకేసారి కూర్చుని అల్లేశాను. కిందటి వారం కాగితం పక్కన పెట్టుకుని, అక్కడక్కడ ఒక గీత తగ్గించి. కింద పడుకుని ఆ ఆరు రోజులూ వాన చప్పుడు వింటూనే ఉన్నాను. వినీ నా గోడకి ఎండ కాయించాను.

కాలు సంగతి మీతో చెప్పొద్దని బైండింగాయన చేత ఒట్టు వేయించుకున్నాను. జిగురు సంగతి చెప్పొద్దనడం తోచలేదు.

ఆ తొమ్మిది రోజులూ కొట్టెయ్. కారణం దగ్గర 'అనివార్యం' అని రాసుకో. దరఖాస్తు వెళ్ళిపోనీ.

నానమ్మ

*

మా ఇల్లు, వంటింటి గట్టు
ఆగస్టు 7

నానమ్మా,

ముందు నీ కాలు. వాపు తగ్గిందా? కర్ర వాడుతున్నావా? నిజం రాయి, లేకపోతే బైండింగు మామయ్యకి జిగురు గురించి ఉత్తరం రాసి కూపీ లాగుతాను.

తొమ్మిది రోజులూ కొట్టేశాను. కానీ 'అనివార్యం' రాయలేను. అది కారణం కాదు, కారణం మీద కప్పిన దుప్పటి. నువ్వైతే నా కాపీలో ఆ మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉండేదానివి.

అలాగని నీ మాట లేకుండా నీ సంగతి కాగితం మీద పెట్టను. నాన్న ప్రతి పేజీ చదువుతాడు. అందుకని ఇలా అనుకున్నాను: నీ గోడ మొత్తం తీసేస్తాను. నా నీడగోడ ఒక్కటే పంపుతాను. అది కదల్లేదు కాబట్టి ప్రాజెక్టులో పెద్దగా ఏమీ మిగలదు, అది నాకు తెలుసు. కానీ ఏడాదికోసారి ఆ దరఖాస్తు మళ్ళీ వస్తుంది. నీ కిటికీ మళ్ళీ రాదు.

పుస్తకం చాలా బావుందని మామయ్యకి చెప్పు. అది నా దగ్గరే ఉంచుకుంటాను.

మిడత

*

రెండో అంతస్తు గది
ఆగస్టు 8

ఒరే అబ్బాయ్,

కూర్చుని చదువు. నువ్వు నించుని చదివితే మధ్యలో కారు తాళాలు వెతుక్కుంటావు.

కిందటి నెల ఎనిమిదిన మెట్ల మీద జారి పడ్డాను. చీలమండ బెణికింది. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నాను, కర్ర కంటే నేనే ముందుంటున్నాను. నీకు చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. నువ్వు నన్ను తీసుకుపోతావని భయం. నీ ఇంట్లో నాకు లోటు చేస్తావని కాదురా. అక్కడ నేను అమ్మని, నానమ్మని, అత్తగారిని. ఇక్కడ రెండో అంతస్తు పంతులమ్మని. ఈ ఒక్కటీ ఇంకొన్నాళ్ళు ఉండనీ అనుకున్నాను.

అంతటితో ఆగితే బావుండేది. పడిపోయిన సంగతి దాచడానికి, నీ కూతురి ప్రాజెక్టులో తొమ్మిది రోజుల కొలతలు అల్లి పంపాను. నేను! లోలకం దగ్గర నీకు సున్నా వేసిన మనిషిని. అది పట్టేసింది. ఎలా పట్టిందో దాన్నే అడుగు, నీ కడుపు నిండుతుంది. పట్టి, నన్ను బయటపెట్టకుండా, నా గోడ మొత్తం తీసేసి దరఖాస్తు పంపుతానంటోంది. అలా చేస్తే సీటు రాదని దానికి తెలుసు. నా కోసం వదులుకుంటోంది.

వదులుకోనివ్వకు. ఆ పేజీలో నిజం కారణం రాయమను. కింద నువ్వు సంతకం పెట్టు. ఆ తర్వాత నన్నేం చేయాలో నీ ఇష్టం. పెట్టె సర్దమంటే సర్దుతాను. వెర్నియర్ మాత్రం నేనే మోసుకొస్తాను, నీ చేతికివ్వను.

అమ్మ

*

ఆఫీసు, నా సీటు
ఆగస్టు 10

అమ్మా,

కూర్చునే చదివాను. అయినా కారు తాళాలు చేతిలోకి వచ్చాయి. నెల రోజులు! బైండింగు వాళ్ళకి తెలుసు, డాక్టరుకి తెలుసు, నాకు తెలియదు. ఆ కోపం ఇంకా పోలేదు. వచ్చినప్పుడు తీర్చుకుంటాను.

రెండోసారి చదివినప్పుడు మాత్రం ఆఫీసులో అందరూ తలెత్తి చూసేంత గట్టిగా నవ్వాను. దీని కోసం ముప్పై రెండేళ్ళు ఆగాను. అమ్మా, సున్నా.

పిల్లని పిలిచి అడిగాను. జిగురు ఆరలేదన్న ఒక్క మాట పట్టుకుని ఎలా కనిపెట్టిందో గ్రాఫు పరిచి చూపించింది. అరగంట చెప్పింది. నేను "హూఁ" అని కూడా అనలేకపోయాను. పగుళ్ళు కొలిచి ఏం చేస్తావని అడిగిన మనిషిని, సిగ్గేసింది.

కారణం గడిలో అది రాసింది ఇది: "పరిశీలకురాలు మెట్ల మీద జారి పడ్డారు. తొమ్మిది రోజులు గోడ దగ్గరికి వెళ్ళలేదు. ఆ రోజుల్లో మొదట రాసిన అంకెలు ఊహించినవి, కాబట్టి తీసేశాను." చదివాను. సంతకం పెట్టాను. మొత్తం పదిహేడు పేజీలు, ఒక్కటీ వదలకుండా చదివే పెట్టాను. ఇవాళ పొద్దున నేనే వెళ్ళి ఇచ్చి వచ్చాను.

ఆదివారం వస్తున్నాను. పెట్టె సర్దకు. ముందు ఆ మెట్లు చూడాలి.

అబ్బాయి

*

మా ఇల్లు, భోజనాల బల్ల
సెప్టెంబరు 14

నానమ్మా,

ఇంటర్వ్యూ అయింది. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న మేడమ్ నా పుస్తకం తెరిచి, నేరుగా జూలై పేజీకి వెళ్ళింది.

"ఈ తొమ్మిది రోజులు వదిలేసి మిగతావే చూపించొచ్చుగా? ఎవరికి తెలుస్తుంది?" అంది.

"మా నానమ్మ ఒప్పుకోదండీ" అన్నాను.

"అంకెలు ఊహించి రాసింది ఆవిడేనా?"

"అవునండీ. అందుకే అస్సలు ఒప్పుకోదు."

ముగ్గురూ నవ్వారు. తర్వాత నలభై నిమిషాలు నా గోడల్ని చీల్చి చెండాడారు. ఉష్ణోగ్రత ఎందుకు కొలవలేదన్నారు. స్క్రూలే వేడికి సాగుతాయి కదా, ఆ లెక్క ఏదన్నారు. సగానికి పైగా "తెలియదండీ" అన్నాను. బయటికి వచ్చి నాన్న భుజం మీద ఏడ్చాను.

ఇవాళ ఉత్తరం వచ్చింది. నానమ్మా, తీసుకున్నారు! పధ్నాలుగు మందిలో నాది పదమూడో పేరు. ఒక షరతు పెట్టారు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పడమటి గోడ పరిశీలన అదే గదిలో, అదే పరిశీలకురాలితో పూర్తి సంవత్సరం కొనసాగాలి."

నాన్న ఆ వాక్యం మూడుసార్లు చదివి, "ఇది మీ నానమ్మే వాళ్ళకి చెప్పి రాయించి ఉంటుంది" అన్నాడు. తర్వాత, "ఆ మెట్లకి నేను బిగించిన రెయిలింగు గట్టిగా ఉందో లేదో ఈ ఆదివారం మళ్ళీ చూసొస్తాను" అన్నాడు. థర్మామీటరు కూడా తెస్తాడు. మేమందరం వస్తున్నాం.

నీ మిడత

*

రెండో అంతస్తు గది
సెప్టెంబరు 17

మిడతా,

నేను వాళ్ళకి ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే 'అదే పరిశీలకురాలు' అనే ముందు 'గౌరవనీయులైన' అని వేయించుకునేదాన్ని.

రెయిలింగు గట్టిగానే ఉంది. మీ నాన్న బిగించిన రోజు నుంచి దాన్ని పట్టుకోకుండా ఒక్కసారి కూడా దిగలేదు. పట్టుకుంటున్నానో లేదో కనిపెట్టి చూడమని బైండింగావిడకి వాడు పని అప్పగించి వెళ్ళాడులే. బైండింగాయనకి నీ సంగతి చెప్పగానే, వచ్చే ఏడాది పుస్తకానికి అట్ట ఏ రంగు కావాలో అడగమన్నాడు. వానాకాలం రాకముందే చెప్పాలట.

"తెలియదండీ" అన్నందుకు ఏడవడమేమిటి? నా ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆ మాట అనగలిగిన పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో మీ నాన్న లేడు. నేనూ, ఈ మధ్య దాకా, లేను.

ఈ వారం కాగితం జతచేశాను. ఒక గడి ఖాళీగా ఉంటుంది, కంగారు పడకు. నియమం ప్రకారం పక్కన కారణం రాశాను:

"సెప్టెంబరు 16, సాయంత్రం ఐదు గంటలు. కొలవలేదు. కారణం: అప్పుడే మనవరాలి ఉత్తరం వచ్చింది. కళ్ళు మసకబారి వెర్నియర్ గీతలు కనిపించలేదు."

నానమ్మ